ఏ ఊరి సముద్రమని అడిగారు... ముందు నీళ్ల సంగతి చూద్దాం

పేరూ ఊరూ వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పంపిన ఉత్తరమిది. పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడకు నలభై దగ్గర పడుతున్నాయి. ఇంట్లో భర్త, పదహారేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. ఈ వేసవిలో అందరికీ కలిసొచ్చిన సెలవు నాలుగే రోజులు. సముద్రానికి వెళ్దామంటే అందరూ సరేనన్నారు. ఏ ఊరన్న దగ్గర పేచీ వచ్చింది. ఆవిడ చూసిపెట్టిన వాటిలో ఒకటి దగ్గర్లోని పెద్ద ఊరు. జనం ఎక్కువ, కానీ బీచ్‌లో లైఫ్‌గార్డులు ఉంటారు. భర్తకు ఆ రద్దీ పడదు. మనుషుల అలికిడి లేని చిన్న జాలరి పల్లె ఒకటి ఆయనకు నచ్చింది. కూతురికి ఈ రెండూ వద్దు. పెద్ద అలలకు పేరుపడ్డ ఓ దూరపు ఊరి ఫొటోలు రోజూ చూపిస్తోంది. అత్తగారేమో "మీరు వెళ్లి రండమ్మా, నేను ఇంట్లో ఉంటా" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ భర్త విసుక్కునేది భార్య మీద.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. కిందటేడు ఇలాగే వెళ్లినప్పుడు, మోకాలి లోతు నీళ్లలో ఆడుకుంటున్న బాబును అల పడేసింది. వెనక్కి మళ్లిన నీళ్లు వాణ్ని కొంత దూరం ఈడ్చుకుపోయాయి. పక్కనున్న కుర్రాడెవరో రెక్క పట్టుకుని లేపాడు. ఈవిడకు ఈత రాదు. ఒడ్డునే నిలబడిపోయారు. భర్త "ఏం కాలేదుగా" అని తేల్చేశారు. "ఊరు చూసే పని మళ్లీ నాకే అప్పజెప్పారు. బాగుంటే అందరి సెలవు, బాగోకపోతే నా ఎంపిక. ఈ మూడింట్లో దేనికి వెళ్లమంటారు? నా పిరికితనంతో పిల్లల సరదా పాడుచేస్తున్నానా?" అని అడిగారు.

అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. పాడుచేయడం లేదు. అది పిరికితనమూ కాదు. ఆ రోజు మీ కళ్ల ముందు జరిగింది ఏమిటో చూడండి. ఒడ్డు ఏటవాలుగా ఉన్నచోట అల దూరంగా విరగదు. సరిగ్గా అంచుకు వచ్చి ఒక్కసారిగా కూలుతుంది. కూలిన నీరంతా ఆ వాలు వెంట అంతే జోరుగా వెనక్కి జారుతుంది, జారుతూ కాళ్ల కింది ఇసుకను కూడా తోడేస్తుంది. మీకు మోకాలి లోతంటే ఆరేళ్ల పిల్లాడికి తొడలు మునిగే లోతు. వాడు నిలదొక్కుకునే వీలే లేదు. మీరు భయపడింది నిజంగా జరిగిన ప్రమాదానికి. ఆ కుర్రాడు అక్కడ ఉండబట్టి అది "ఏం కాలేదు" అయింది.

అందుకే నాకు మీ ఇంటి పేచీ ఊరి గురించి అనిపించడం లేదు. ఆ రోజు గురించి మీరూ మీవారూ ఇంతవరకూ కూర్చుని మాట్లాడుకోలేదు. ఆయన జనం లేని పల్లె అన్నప్పుడు మీకు వినిపిస్తున్నది "పట్టుకుని లేపే మనిషి లేని చోటు" అని. మీరు పెద్ద ఊరు అన్నప్పుడు ఆయనకు వినిపిస్తున్నది "నీ మీద నాకు నమ్మకం లేదు" అని అయ్యుండొచ్చు. కన్నకొడుకు నీళ్లలో కొట్టుకుపోతుంటే ఏ తండ్రికైనా గుండె ఝల్లుమంటుంది. ఆ మాట ఒప్పుకోలేక కొట్టిపారేసే మగవాళ్లను చాలామందిని చూశాను.

ఊళ్ల పేర్లు పక్కనపెట్టి, పిల్లలు లేనప్పుడు ఒక్క మాట కదపండి. "ఏమండీ, ఆ రోజు బాబు పడిపోతే నేను వెళ్లి పట్టుకోలేకపోయాను. అది నా మనసులోంచి ఇంకా పోలేదు. ఈసారి నీళ్లలో వాణ్ని ఎవరు చూసుకోవాలో ముందు అనుకుందాం, ఊరు తర్వాత చూద్దాం." తప్పెవరిదని తవ్వొద్దు. ఆయన ఈ మాట అందుకుంటే మీకు మూడు ఊళ్లూ తెరిచి ఉన్నట్టే. మళ్లీ "ఏం కాలేదుగా" అనే అంటే మాత్రం, ఒడ్డున కనిపెట్టుకుని ఉండేది మీరొక్కరేనని లెక్కేసుకుని ఊరు ఎంచుకోవాలి. ఈత రాని మనిషి ఒక్కరే కాపలా ఉండే కుటుంబానికి లైఫ్‌గార్డులు లేని బీచ్ పనికిరాదు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక సముద్రం. ఫొటోలో నీళ్ల రంగు కనిపిస్తుంది, కాళ్ల కింద నేల కనిపించదు. మీరు తెలుసుకోవాల్సింది ఆ నేల గురించే. ఒడ్డు చదునుగా ఉంటే అలలు దూరం నుంచే రెండు మూడు తెల్లటి వరసలుగా విరుగుతూ వస్తాయి, మీ దాకా వచ్చేసరికి బలం తగ్గి నురగ మిగులుతుంది. ఒకే ఒక్క అల అంచున ఎత్తుగా లేచి దభీమని పడుతోందంటే ఏటవాలు ఒడ్డన్న మాట. ఇసుక కూడా కొంత చెబుతుంది. పిండిలా మెత్తగా ఉన్నచోట సాధారణంగా నేల చదునుగా ఉంటుంది, బరకగా ఉన్నచోట వాలు ఎక్కువ. గది కోసం ఫోన్ చేసినప్పుడు "బీచ్ బాగుంటుందా" అని అడగొద్దు, ఎవరైనా బాగుంటుందనే అంటారు. "నడుము లోతు రావాలంటే నీళ్లలో ఎంత దూరం నడవాలి?" అని అడగండి. చాలా దూరం అంటే మీ బాబుకు మంచిది. నాలుగడుగులే అంటే అది మీ అమ్మాయికి కూడా మంచి చోటు కాదు.

చదునైన ఒడ్డయితే చాలని కూడా అనుకోకండి. అలలు మోసుకొచ్చిన నీరంతా ఎక్కడో ఒకచోట నుంచి వెనక్కి పోవాలి కదా. నీటి అడుగున ఇసుక దిబ్బల మధ్య సందు దొరికితే ఆ సందులోంచి సన్నని పాయలా సముద్రంలోకి దూసుకుపోతుంది. రిప్ కరెంట్ అంటారు దాన్ని. ఇందులో మోసం ఏమిటంటే, అటూ ఇటూ అలలు విరుగుతూ ఉంటే ఆ పాయ ఉన్నచోట విరగవు. రంగు కాస్త ముదురుగా, పైకి ప్రశాంతంగా ఉంటుంది. పిల్లల తల్లి "ఇక్కడ అలలు లేవు, ఇక్కడ ఆడుకో నాన్నా" అని చూపించేది సరిగ్గా ఆ చోటునే. నురగ గానీ బురద గానీ లోపలి వైపు కదిలిపోతుంటే అనుమానించాలి. ఈ ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు సెకనుకు 2.4 మీటర్ల దాకా ఉంటుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు.

అది మనిషిని కిందికి ముంచదు, లోపలికి మోసుకుపోతుంది. ఒడ్డు కనిపిస్తోంది కదా అని దానికి ఎదురీదినవాళ్లు అలసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక అలలతో పాటు వెనక్కి రావాలి. మీ అమ్మాయి ఈత కొలనులో నేర్చుకుందని రాశారు. కొలనులో ఎంత బాగా ఈదినా ఇవి అక్కడ తెలిసేవి కావు. దూరపు ఊరికి వెళ్లినా వెళ్లకపోయినా ఈ సంగతి తనకు ముందే తెలిసి ఉండాలి.

మీకూ ఒక మాట. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈత రాని మీరు నీళ్లలోకి దిగకండి. కాపాడబోయి మునిగినవాళ్లు ఎందరో. అరిచి లైఫ్‌గార్డును పిలవడం, తేలే వస్తువేదైనా విసరడం, మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా ఎక్కడున్నారో చేత్తో చూపిస్తూ ఉండడం, ఇవి మీరు చేయగలిగినవి. కిందటేడు ఒడ్డున నిలబడిపోయానని బాధపడుతున్నారు. ఆ క్షణంలో మీరు కూడా దిగి ఉంటే ఆ కుర్రాడు ఇద్దరిని లేపాల్సి వచ్చేది.

ఇప్పుడు మీ ఊళ్లకు వద్దాం. పెద్ద ఊరి వైపే నా మొగ్గు, ఇంతసేపూ చెప్పిన కారణంతోనే. కానీ అక్కడా కొన్ని చూసుకోవాలి. లైఫ్‌గార్డులు బీచ్ పొడవునా ఉండరు. చాలా దేశాల్లో వాళ్ల కాపలా ఉన్న మేరకు అటొకటి ఇటొకటి సగం ఎరుపు సగం పసుపు జెండాలు పాతుతారు. ఆ రెంటి మధ్యే దిగాలి. ఒట్టి ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. ఊదా రంగు జెండా ఎగిరితే నీళ్లలో జెల్లీ చేపల్లాంటివి ఉన్నాయని. పైగా లైఫ్‌గార్డులకు డ్యూటీ వేళలుంటాయి. సూర్యోదయం చూడ్డానికి వెళ్లి అలాగే నీళ్లలో దిగేవాళ్లకు అప్పటికి కాపలా ఉండదు. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా ఉంటారో కనుక్కుని బాబు స్నానం ఆ వేళల్లోనే పెట్టుకోండి. దీనివల్ల మీకు తగిలే నష్టం రద్దీ. మీవారు మొదటి రోజు సాయంత్రమే చిరాకు పడొచ్చు. జనం సాయంత్రాలే విరగబడతారు. లైఫ్‌గార్డులు డ్యూటీకి వచ్చిన తొలి గంటలో బీచ్ చాలా వరకు మీదే. గాలి కూడా అప్పుడే మంచిది. ఎండెక్కి నేల వేడెక్కాక సముద్రం మీది నుంచి గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి ముదురుతుంది. పైగా పదింటి నుంచి నాలుగింటి దాకా ఎండ తీవ్రత ఎక్కువ, ఇసుకా నురగా ఎండను మళ్లీ మన మీదికే కొడతాయి. ఆ వేళ పిల్లల్ని గదిలోనో నీడలోనో ఉంచడమే మేలు.

జాలరి పల్లె గురించి మీవారి కోరికను తీసిపారేయకండి. ఆయన అడుగుతున్నది విశ్రాంతి. అక్కడికే వెళ్తే ఎలా ఉంటుంది? నిశ్శబ్దం దొరుకుతుంది, మీవారి మొహం విచ్చుకుంటుంది. బదులుగా బాబు నీళ్లాట చీలమండలు తడిసేంత వరకే, అదీ పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని. ఊళ్లో జాలర్లు ఎక్కడ దిగొచ్చంటే అక్కడే, ఎక్కడ వద్దంటే అక్కడికి పోకూడదు. ఏరు సముద్రంలో కలిసే చోటుకు అసలు వెళ్లొద్దు, అక్కడి ప్రవాహాలు చెప్పి రావు. వైద్యం ఎంత దూరమో కనుక్కోండి, అత్తగారు కూడా రావచ్చు కాబట్టి. ఇవన్నీ ఒప్పుకుంటే పల్లె కూడా చక్కని ఎంపికే. కానీ ఒప్పుకోవాల్సింది ఆయన, నోటితో, బయల్దేరక ముందు. మధ్యే మార్గం ఒకటుంది. పెద్ద ఊళ్లో దిగి, ఒక పూట ఆయన్ని ఆ పల్లెకో అలాంటి మరో చోటుకో ఒంటరిగా పోనివ్వండి. మీరు వెంట వెళ్లాల్సిన పని లేదు. అలాగే మరో పూట మీరు ఒంటరిగా ఎక్కడికైనా వెళ్లే హక్కు మీకొస్తుంది. దాన్ని వదులుకోకండి.

దూరపు ఊరికి అడ్డం వచ్చేది రోజుల లెక్క. ఇంటి గుమ్మం నుంచి గది గుమ్మానికి ఒక పూట పడితే నాలుగు రోజుల్లో మూడు మిగులుతాయి. పోవడానికో రోజు, రావడానికో రోజు అయితే మిగిలేది రెండు. అందులో ఒక రోజు సముద్రం కల్లోలంగా ఉంటే ఒక్కటి. ఆ ఒక్క రోజులో పెద్ద అలల ముందు ఆరేళ్ల బాబుకూ నొప్పుల అత్తగారికీ పనేముంటుంది? అమ్మాయి కోరిక తప్పేం కాదు, ఈ సెలవుకు ఇమడదు, అంతే. అలల మీద పలకతో జారడం నేర్పే శిక్షకులు పెద్ద ఊళ్లో ఉన్నారేమో తననే వెతకమనండి. ఒక పూట శిక్షణ అంటే తను ఆ రోజంతా ఎదురుచూస్తుంది. "వచ్చే ఏడు తీసుకెళ్తాంలే" అని మాత్రం నోటికొచ్చినట్టు అనకండి. తండ్రీ కూతుళ్లిద్దరే వెళ్లే వారాంతం ఒకటి నిజంగా పెట్టుకోగలిగితే, తేదీ చెప్పి మరీ మాటివ్వండి.

మీ జాబితాలో లేని రకం ఊరు కూడా ఉంది. కొండకొమ్మో పగడపు దిబ్బో అడ్డుండే అఖాతం ఒడ్డున ఉన్న ఊరు. అలల జోరు అక్కడ చాలా తక్కువ, చిన్న పిల్లలున్నవాళ్లు మొదట చూడాల్సింది ఇలాంటివే. చిక్కేమిటంటే నీరు త్వరగా మారదు. ఊరి మురుగు దగ్గర్లో కలిస్తే అక్కడే నిలుస్తుంది, పెద్ద వాన పడ్డాక రెండు మూడు రోజులు దిగకపోవడం మంచిది. నీటి నాణ్యత పరీక్షలు చేయించి, భద్రతా సౌకర్యాలు చూసి ఇచ్చే నీలి జెండా గుర్తింపు, బ్లూ ఫ్లాగ్, ఉన్న బీచ్ అయితే ఈ దిగులు కొంత తగ్గుతుంది. 1985లో ఫ్రాన్స్‌లో మొదలైన పద్ధతి అది. ఇప్పుడు భారత్‌తో సహా ఎన్నో దేశాల్లో ఉంది. ఆ గుర్తింపు ఉన్నంత మాత్రాన ఆ రోజు అలలు నెమ్మదిగా ఉంటాయని మాత్రం కాదు.

వేసవి అన్న ఒక్క మాటను నమ్మి ఏ ఊరికీ వెళ్లకూడదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో నడి వేసవిలో కూడా లోతుల్లోంచి చల్లటి నీరు పైకి వస్తుంది కాబట్టి సముద్రంలో కాలు పెడితే జివ్వుమంటుంది. ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో నీళ్లు వెచ్చగా, ఎంతో అందంగా ఉంటాయి. కానీ అక్కడి వేసవే విషపు జెల్లీ చేపల కాలం, వలలు కట్టిన మేరకే ఈదాలి. భారత పశ్చిమ తీరంలో జూన్‌లో నైరుతి రుతుపవనాలు తగిలాక సెప్టెంబరు దాకా సముద్రం కల్లోలంగానే ఉంటుంది. ఆటుపోట్లు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మధ్యధరా తీరంలో చాలాచోట్ల తేడా పెద్దగా తెలియదు. ఒడిశాలోని చాందీపూర్‌లో ఆటు వేళకు సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి పోతుంది. తెలియక వెళ్తే నీళ్లేవని వెతుక్కోవాలి. పోటుకూ ఆటుకూ మధ్య మామూలుగా ఆరు గంటల పైన పడుతుంది, రోజూ ఓ యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ నాలుగు రోజుల వేళలు ముందే చూసిపెట్టే పని మీ అమ్మాయికి ఇవ్వండి.

అత్తగారి విషయం మీరు దాదాపుగా వదిలేశారు, నాకు ఎక్కువ దిగులు అక్కడే. "నేను ఇంట్లో ఉంటా" అన్న మాట వెనక ఏముందో ఎవరూ ఆవిణ్ని అడగలేదు. పక్కన కూర్చుని అడగండి. "అత్తయ్యా, ప్రయాణం కష్టమా, ఇసుకలో నడవడం కష్టమా, బాత్రూమ్ దూరమవుతుందనా?" పెద్దవాళ్లు ఎక్కువగా వెనకాడేది మూడోదానికే, పైకి చెప్పరు. అందుకు ఊరు మార్చక్కర్లేదు, గది మారిస్తే చాలు. కింది అంతస్తు, తలుపు తీస్తే సముద్రం కనిపించే గది, మెట్లు లేకుండా ఒడ్డు వెంట నడిచే దారి, నీడలో బెంచీలు. పొడి ఇసుకలో కాలు దిగబడి మోకాలు తిరుగుతుంది. నీళ్లు తడిపిన అంచున నేల గట్టిగా ఉంటుంది, అక్కడ చెయ్యి పట్టుకుని నడిపిస్తే సులువు. ఫ్రాన్స్‌లోని నీస్, ఇంగ్లండ్‌లోని బ్రైటన్ లాంటి ఊళ్లు పేరున్నవే అయినా ఒడ్డంతా గులకరాళ్లు. ఆవిడ లాంటివాళ్లు అక్కడ నాలుగడుగులు కూడా వేయలేరు. మీ మూడు ఊళ్లలో ఒడ్డున ఏముందో అది కూడా కనుక్కోండి. ఇంతా అడిగాక కూడా ఆవిడ నిజంగానే రానంటే, అది ఆవిడ ఇష్టం. ఆ మాట మీవారికి ఆవిడే చెప్పాలి, మీ ద్వారా కాదు.

ఎంపిక భారం ఒక్కరి మీదే ఉండకుండా ఒక పద్ధతి చెబుతాను. మీరు రెండు ఊళ్లకు కుదించి అందరి ముందూ పెట్టండి. గదివాళ్లకు ఫోన్ చేసి ఒడ్డు లోతు, లైఫ్‌గార్డుల వేళలు, కింది అంతస్తు గది గురించి అడిగే పని మీవారిది. ఆయన చెవులతో విన్న జవాబును రేపు ఆయనే కాదనలేరు. అక్కడికి వెళ్లాక బాబు నీళ్లలో ఉన్నంతసేపూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒకరు. అరగంటకు ఒకరి వంతు. వంతు మారేటప్పుడు "ఇక నువ్వు చూడు" అని పైకి అనాలి, చూసేవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు. అందరూ ఉన్నారు కదా అని ఎవరూ చూడని క్షణంలోనే పిల్లలు మునుగుతారు, మునిగేటప్పుడు అరవరు కూడా. మీ వంతు వచ్చినప్పుడు బాబు తడి ఇసుక దాకానే, పిచ్చుక గూళ్లు కట్టుకోవడానికి. ఇదే సంగతి వాడికీ ముందే చెప్పండి, "అమ్మ చూస్తుంటే ఇసుక, నాన్న చూస్తుంటే నీళ్లు" అని. గాలి ఊది వాడే బొమ్మలు, ట్యూబులు సముద్రంలోకి వద్దు. నేల మీది నుంచి గాలి వీచే వేళ అవి పిల్లాడితో సహా లోపలికి తేలిపోతాయి. ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ వేయండి, వేశాక కూడా దూరం జరగొద్దు.

గదికి డబ్బు కట్టేది మాత్రం ఆ ఫోన్ అయ్యాకే. లైఫ్‌గార్డులు ఏ వేళల్లో ఉంటారన్నదానికి అవతలివాళ్లు సరిగా జవాబు చెప్పలేకపోతే, ఆ ఊరి పర్యాటక కార్యాలయానికి చేయించండి. అక్కడా తేలకపోతే జాబితాలో రెండో ఊరికి పొండి.